మంకీ క్యాప్ సలహాదారు

మా పొదిలిలో చలంటే ధనుర్మాసంలో నాలుగు తెల్లవారుజాములు. ఆ కాస్తదానికే నేను మంకీ క్యాప్ బిగించి, పైన మఫ్లర్ చుట్టి గానీ పాలప్యాకెట్‌కి కదలను. మీరూ అంతేగా, దాచకండి. అలాంటి నేను మిన్నియాపోలిస్‌లో ఉన్న మా అమ్మాయికి, చలికి తట్టుకునే మొక్కలేవో చెప్పడానికి పూనుకున్నాను.

"కొత్తింటికి పెరడుంది నాన్నా, ఏం వేసినా చలికి పోతాయట" అని మాటవరసకంది. రిటైరైన తండ్రిని అలా మాటవరసకి కదిలిస్తే ఏమౌతుందో మీకు తెలిసిందే. రాత్రంతా ఫోన్ ముందేసుకుని కూర్చున్నాను.

అమెరికా వ్యవసాయ శాఖ వాళ్ల మ్యాపొకటి ఉంది. ఏ ఊళ్లో చలి ఏటా ఎంత అడుక్కి దిగుతుందో సగటు కట్టి, 1 నుంచి 13 దాకా మండలాలు గీశారు. 2023లో దిద్దిన మ్యాపులో అమ్మాయి ఊరు 5. అంటే సున్నాకి కింద పాతిక డిగ్రీలు దాటొచ్చు. మొక్క చీటీ మీద 5 గానీ, అంతకన్నా చిన్న అంకె గానీ ఉంటేనే కొనాలి. కుండీలో అయితే ఇంకో రెండు తగ్గించి చూసుకోవాలి. నేలలో వేరుకి మట్టి దుప్పటి ఉంటుంది, కుండీలో ఆ భాగ్యం లేదు.

ఇంతటితో ఊరుకుంటే నేనెందుకౌతాను? "ఆ లెక్కన మన పొదిలి పైమెట్టు, తెలుసా! చలికి చచ్చే మొక్కే లేదిక్కడ" అని మా ఆవిడ ముందు ఛాతీ విరిచాను.

ఆవిడ గోంగూర వలుస్తూ, "అందులో రోహిణి కార్తె ఉందా?" అంది.

లేదు. చలి తప్ప ఎండ ఊసే లేదు. కడియం నుంచి నేను తెప్పించిన గులాబీలు ట్యాంకర్ కోసం ఎదురుచూస్తూ మాడిపోయిన సంగతి ఆవిడ ఎత్తలేదు. ఎత్తితేనే నయంగా ఉండేది. ఆవిడ బియ్యం కడిగిన నీళ్లు పోసే బిళ్ళగన్నేరు మాత్రం గోడవార ఏడాది పొడుగునా పూస్తూనే ఉంటుంది.

నవంబరులో ఓ ఆదివారం వీడియో కాల్‌లో నోటుపుస్తకం తెరిచాను. పియోనీ వెయ్యమ్మా, దానికి చలి పడితేనే పూత. పుదీనా పైన మాడినా వేరు బతికి వసంతంలో లేస్తుంది. వెల్లుల్లి అక్టోబరులో నాటి గడ్డి కప్పితే జులైకి గడ్డలు.

"వెల్లుల్లి పోయిన నెలే నాటేశా నాన్నా, పక్కింటావిడ చెప్పింది. ఫోన్ అమ్మకివ్వు, కుండీలో కరివేపాకు ఆకు రాలుస్తోంది."

కరివేపాకు నా పుస్తకంలో లేదు. 5లో బతకదని కొట్టేశాను.

మా ఆవిడ ఫోన్ అందుకుంది. "ఎండ తగిలే కిటికీ దగ్గర పెట్టు. నీళ్లు తగ్గించు, వేరు కుళ్లిపోద్ది. మోడైందని పీకమాక, చలి పోయాక ఇగురేసిద్ది."

"ఇవన్నీ నీకెట్లా తెలుసు?" అన్నాను, ఫోన్ పెట్టేశాక.

"మన పెరట్లోదీ చలికాలం మొండికేస్తుందిగా. మంకీ క్యాప్‌లోంచి మీకేం కనపడుద్ది!"