మసిగుడ్డ మీమాంస

తర్కశాస్త్రం వాళ్లకు కుండన్నా, గుడ్డన్నా మహా ఇష్టం. మన తెలుగువాడు అన్నంభట్టు 17వ శతాబ్దంలో రాసిన 'తర్కసంగ్రహం' తెరిస్తే గుడ్డ ఎలా పుట్టిందో చెబుతుంది. దారాలు సమవాయి కారణం, వాటి కలయిక అసమవాయి కారణం, మగ్గం, నాడె వగైరా నిమిత్త కారణం. పుట్టిన గుడ్డ దారాల కుప్ప కాదు, సరికొత్త వస్తువు అని న్యాయదర్శనం వాళ్లైన ఈ నైయాయికుల పట్టు. బౌద్ధులు ససేమిరా అన్నారు. నాగసేనుడనే భిక్షువు మిలింద రాజు రథాన్ని మాటలతోనే ఇరుసు, చక్రం, కాడి అని విడగొట్టి, రథమనేది ఒట్టి పేరేనని రాజు చేతే ఒప్పించాడు.

కుండ దగ్గర నైయాయికులు ఇంకో తీర్పు కూడా ఇచ్చారు. మట్టి మోసుకొచ్చిన గాడిద కుండకు కారణం కాదట! అది లేకపోయినా మట్టి బండి మీద రావచ్చు కదా. అంచేత దానికి 'అన్యథాసిద్ధం' అని బిరుదిచ్చి పక్కన కట్టేశారు. ఇంటికి కావలసిన సరుకులన్నీ సంచుల్లో మోసుకొచ్చే మనిషిగా ఈ ఘట్టం నన్ను కదిలించింది.

ఇంతమంది పండితులున్నారు గానీ, ఒక్కరూ వంటింట్లోకి తొంగిచూసినట్టు లేదు. మా ఇంట్లో ఏ వస్తువు ఏమిటో నిర్ణయించే అధికారం మా ఆవిడది. "హార్లిక్స్ సీసా అందుకోండి" అంటే ధనియాలు అందుకోవాలి. హార్లిక్స్ కావాలంటే నెస్కెఫే సీసా చూడాలి. ఇందులో తికమకేమీ లేదు, కొత్తవాళ్లకు తప్ప.

అసలు చిక్కు వెంకటగిరి చీరతో వచ్చింది. ఒకప్పుడు దాన్ని ముట్టుకోవాలంటే చేతులు కడుక్కోవాలి. తర్వాత అది బొంతలో పైపొర అయింది. ఇప్పుడు మసిగుడ్డ. దారాలు అవే, నేత అదే, అంచు మీద జరీ కూడా అక్కడక్కడా మెరుస్తోంది. మరి చీర ఏ రోజున పోయింది? కనీసం చీరకు బొంత అనే మధ్య మజిలీ ఉంది. నా బనీనుకు అదీ లేదు. రాత్రి ఉతికి ఆరేసినప్పుడు బనీనే. తెల్లారి చూస్తే పాలగిన్నె దించుతోంది. ఉద్యోగం తీసేసేటప్పుడు నోటీసైనా ఇస్తారు!

గ్రీకుల గొడవ ఇంతకంటే పెద్దది. థీసియస్ అనే వీరుడి ఓడలో పుచ్చిన చెక్క తీసి కొత్త చెక్క వేస్తూపోతే అది పాత ఓడేనా అని తత్త్వవేత్తలు వాదించుకున్నారని ప్లూటార్క్ రాశాడు. ఆ పాత చెక్కలన్నీ ఏరి ఇంకో ఓడ కడితే ఏది అసలుదని 1655లో థామస్ హాబ్స్ మరో మెలిక పెట్టాడు. మా నాన్న స్కూటరుకు ఇంజను, సీటు, చక్రాలు, హ్యాండిలు అన్నీ మారాయి. పాత సామాను మెకానిక్ షెడ్డులో ఓ మూల పడి ఉంది కాబట్టి, హాబ్స్ గారి రెండో ఓడ ఎప్పుడైనా రోడ్డెక్కవచ్చు. అయినా భయం లేదు. బాడీ మీద కొట్టిన చాసిస్ నంబరు ఏదో, రవాణా శాఖ లెక్కలో బండి అదే. ఇంజను మారిస్తే ఆర్సీలో రాయించుకోవాలి, అంతే. వేల ఏళ్ల వాదాన్ని ఒక సుత్తిదెబ్బతో తేల్చేశారు.

స్టీలు సామాన్లకూ మనవాళ్లు పేర్లు కొట్టిస్తారు. కాకపోతే గృహప్రవేశానికి ఇచ్చే బిందె మీద ఇచ్చినవాళ్ల పేరే ఉంటుంది. ఆ లెక్కన మా వంటింట్లో మా పేరున్న గిన్నె ఒక్కటీ లేదు. మా పేరున్నవన్నీ చుట్టాల ఇళ్లలో సుఖంగా ఉన్నాయి.

మా నాలుగు గిన్నెల క్యారియరుది మరీ దారుణం. పై గిన్నె పులిహోరతో ఎవరింటికో వెళ్లి తిరిగి రాలేదు. మిగిలిన మూడూ గిన్నెలే గానీ క్యారియరు కాదని మా ఆవిడ వాదన. అచ్చమైన న్యాయదర్శనం! కనుక పాఠకులకు మనవి: మా నాన్నగారి పేరు కొట్టిన గిన్నె మీ ఇంట్లో పెరుగు తోడుకుంటూ స్థిరపడి ఉంటే దయచేసి పంపించండి. ఖాళీ గిన్నె పంపకూడదన్న పట్టింపు మీకుంటే, ఆవకాయకు మాకేమీ అభ్యంతరం లేదు.