బెడ్‌స్పేస్ ప్రకటన: టీకా తాత్పర్య విశేష సహితం

అవతారిక

దుబాయి నగరంలో దేరా, బర్‌దుబాయి, కరామా, సత్వా మొదలైన పేటలలో దీపస్తంభాలకూ, బస్‌స్టాపుల అద్దాలకూ, కిరాణా దుకాణాల తలుపులకూ అతికింపబడి, పురపాలక సిబ్బంది ఎన్నిసార్లు గీకివేసినా మళ్లీ పుట్టుకొచ్చే వాఙ్మయం ఒకటి ఉంది. దీని కర్త ఎవరో తెలియదు. కాగితం అడుగున నిలువుగా కత్తిరించి వేలాడదీసిన ఫోను నంబరు చీలికలలో ఎన్ని చినిగిపోయాయో చూసి గ్రంథప్రచారాన్ని అంచనా వేయడం తప్ప, కాలనిర్ణయానికి వేరే ఆధారం కూడా లేదు.

ఖరీదైన నగరాల పట్టికలను పెద్ద సంస్థలు ఏటా ప్రకటిస్తూనే ఉన్నాయి. మెర్సర్ సంస్థ 2024లో 226 నగరాలను పోల్చి దుబాయికి 15వ స్థానం ఇచ్చింది. అయితే ఆ పట్టిక బహుళజాతి కంపెనీలు తమ అధికారులకు ఎంత భత్యం ఇవ్వాలో తేల్చుకోవడానికి ఉద్దేశించినది కనుక, భత్యమనే మాట ఎరుగని ప్రవాసి అందులో కనిపించడు. అతడు కనిపించేది దీపస్తంభం దగ్గర, మెడ వంచి చదువుతూ. అందువల్ల ఈ వ్యాఖ్యానానికి ఆ స్తంభం మీది కాగితాన్నే మూలంగా స్వీకరించడమైనది. ప్రతులలో భేదాలు అపారం కనుక సర్వసామాన్యమైన పాఠం ఒకటి కింద కూర్చబడింది.

మూలం

“ఎగ్జిక్యూటివ్ బ్యాచిలర్‌కు బెడ్‌స్పేస్ కలదు. దేరా, మెట్రోకు 2 నిమిషాలు. లోయర్ బెడ్ 800. డీవా, వైఫై, గ్యాస్ కలిపి. వంటకు అనుమతి. పార్టీషన్ కాదు. ఒక నెల డిపాజిట్. వెంటనే దిగవచ్చు.”

ప్రతిపదార్థం

ఎగ్జిక్యూటివ్ = అధికారి అని నిఘంటువుల అర్థం; ఇచట ఉతికిన చొక్కాతో పనికి వెళ్లి అదే చొక్కాతో తిరిగి వచ్చేవాడని గ్రహించాలి. భవన నిర్మాణంలో ఉన్న కార్మికునికి సోనాపూర్, అల్‌కూజ్ వంటి చోట్ల కంపెనీయే క్యాంపులో మంచం చూపిస్తుంది కనుక అతనికి ఈ సూత్రంతో పనిలేదు. క్యాంపు దక్కని సేల్స్‌మనూ, క్యాషియరూ, టైపిస్టూ ఈ విశేషణానికి అర్హులు.

బ్యాచిలర్‌కు = భార్యాబిడ్డలను ఊళ్లో ఉంచి ఒంటరిగా బతుకుతున్న గృహస్థునికి. యౌగికార్థంలో ఇది అవివాహితుణ్ణి చెప్పే పదమే అయినా, గల్ఫ్ దేశాలలో కుటుంబం వెంట లేని ప్రతి మగవాడికీ రూఢమైంది. జగిత్యాలలో పెళ్లీడుకొచ్చిన కూతురున్న యాభై ఏళ్ల తండ్రి కూడా దేరాలో బ్యాచిలరే.

బెడ్‌స్పేస్ = ఒక మంచం, దాని కింద సూట్‌కేసు పట్టే చోటు, చొక్కా తగిలించడానికి గోడకొక మేకు, ఫోనుకొక ప్లగ్గు; ఈ నాలుగింటి సముదాయం. మంచం మీద రెండున్నర అడుగుల వరకే హక్కు. అటుపై ఆకాశం అప్పర్ బెడ్ వానిది.

మెట్రోకు 2 నిమిషాలు = 2009 సెప్టెంబరు 9న మొదలైన మెట్రో రైలు స్టేషనుకు, పరుగెత్తగలవాడు జనవరి నెలలో చేరుకునే కాలం. జూలై మధ్యాహ్నం నడిచేవానికి ఈ వాక్యం వర్తించదు.

లోయర్ బెడ్ = రెండంతస్తుల ఇనుప మంచంలో కింది భాగం. నిచ్చెన ఎక్కనక్కరలేదు, కాళ్లు కిందికి చాపి కూర్చుని అన్నం తినవచ్చు కనుక పైదానికంటే దీనికి వెల కొంచెం ఎక్కువ.

800 = నెలకు ఎనిమిది వందల దిర్హములు. దిర్హమంటే అక్కడి నాణెం. నూరు ఫిల్సులు ఒక దిర్హము. 1997 నుండి డాలరుకు 3.6725 దిర్హములుగా కట్టివేయబడింది కనుక దానికి స్వతంత్రమైన హెచ్చుతగ్గులు లేవు.

డీవా = దుబాయి విద్యుత్తు, నీటి సరఫరా సంస్థ; 1992లో ఏర్పడింది. కరెంటు, నీటి ఛార్జీలతో పాటు ఏడాది అద్దెలో 5 శాతం పురపాలక గృహరుసుము కూడా పన్నెండు భాగాలై ఈ బిల్లులోనే వస్తుంది కనుక, “కలిపి” అనే మాటకు గౌరవం హెచ్చు.

వంటకు అనుమతి = పొయ్యి ఉంది, వంతు కూడా ఉంది అని భావం. నలుగురు కలిసి సరుకులు తెచ్చుకుని, రోజుకొకరు వండుకునే పద్ధతిని మెస్ అంటారు. వంతు తప్పించుకున్నవాడు ఆ పూట ఖుబ్బూస్ రొట్టె తిని పడుకుంటాడు.

పార్టీషన్ కాదు = హాలును ప్లైవుడ్డు పలకలతో చీల్చి చేసిన, కిటికీ లేని అర కాదు. అనుమతి లేని పార్టీషన్లపై 2025 జూన్‌లో పురపాలక సంస్థ అల్‌రిగ్గా, సత్వా, అల్‌బర్షా మొదలైన చోట్ల తనిఖీలు జరిపిన తరువాతి ప్రతులలో ఈ వాక్యానికి ప్రాధాన్యం పెరగడం సహజమే.

వెంటనే దిగవచ్చు = మంచం ఖాళీ అయింది. క్రితం మనిషి ఉద్యోగం పోయి వెళ్లాడా, జీతం పెరిగి వెళ్లాడా అన్నది ధ్వని, వాచ్యం కాదు.

అన్వయం

మూలవాక్యాలను ఉన్నవి ఉన్నట్టుగా చదివితే అర్థం అయిపోతుంది కనుక పదాలకు దండాన్వయం చాలు. వాక్యం వర్ణిస్తున్న ఫ్లాటుకు మాత్రం ఖండాన్వయమే, అనగా ప్రశ్నలు వేస్తూ ముక్కలుగా విడదీసే అన్వయమే, గతి. “ఎవరు ఇస్తున్నారు?” అనే ఆకాంక్షకు మూలంలో కర్తృపదం లేదు. దానిని అధ్యాహారం చేసుకోవాలి, అనగా చెప్పకపోయినా ఉన్నదని చేర్చుకోవాలి. ఆ లుప్తకర్త ఫ్లాటు యజమాని కాడు. యజమాని వద్ద ఫ్లాటును తన పేర తీసుకుని, మంచాలుగా పంచి ఇచ్చే మొదటి కిరాయిదారు. ఈ వ్యాఖ్యానం యావత్తూ ఆ కనిపించని కర్త చుట్టూనే తిరుగుతుంది.

తాత్పర్యం

కుటుంబాన్ని ఊళ్లో విడిచి వచ్చిన చిరుద్యోగి ఎవరైనా, ఒక నెల అద్దె, మరొక నెల డిపాజిటు చేతిలో పెట్టగలిగితే, కరెంటూ నీళ్లూ ఇంటర్నెట్టూ విడిగా కట్టే బాధ లేకుండా మహానగరం నడిబొడ్డున నిద్రపోవచ్చునని పైపై తాత్పర్యం. దాని లోతు తెలియాలంటే శంకలను ఎత్తి సమాధానపరచాలి.

శంకా సమాధానాలు

మొదటి శంక: ఆ దేశంలో జీతం మీద ఆదాయపు పన్ను లేదు, సరుకుల మీద కూడా 2018 జనవరి 1 నుండి వచ్చిన వ్యాట్ 5 శాతమే, అటువంటి చోట డబ్బు ఎందుకు మిగలదు? సమాధానం: పన్ను ఆదాయంలో శాతం కనుక జీతం తక్కువైతే తానూ తగ్గుతుంది; మంచం ధరకు అటువంటి దాక్షిణ్యం లేదు. నెలకు 2,500 దిర్హములు తెచ్చుకునే సేల్స్‌మన్ మంచానికి 800, మెస్‌కు ఒక 450, మెట్రోలో రెండు జోన్ల నెల పాసుకు 230, ఫోను రీఛార్జికీ చాయ్‌కీ క్షవరానికీ ఒక 120 తీసివేస్తే మిగిలేది 900. ఊళ్లో ఏజెంటు కోసం తెచ్చిన అప్పుకు నూటికి రెండు రూపాయల మిత్తి ఆ తొమ్మిది వందల్లోంచే పోవాలి. ఇతని జీవనవ్యయంలో దుబాయి సంసారం ఒకటి, జగిత్యాల సంసారం ఒకటి. ఏ పట్టికా ఈ రెండింటినీ కలిపి లెక్కించదు.

రెండవ శంక: రూపాయి పడిపోతున్న కొద్దీ ప్రవాసికి లాభమే కదా? సమాధానం: 2007 చివరలో దిర్హముకు 11 రూపాయల లోపే వచ్చేవి, 2025లో 23 దాటాయి, లెక్కకు రెట్టింపు పైచిలుకే. కానీ ఈ మధ్యకాలంలో ఊళ్లో ఇసుకా సిమెంటూ బడి ఫీజులూ తమ రేట్ల దగ్గరే నిలబడి ఆ రూపాయి కోసం ఎదురుచూడలేదు కనుక, ఆ లాభం ఎక్స్‌ఛేంజి కౌంటరు దగ్గర రసీదు చూసుకున్నంతసేపే లాభం.

మూడవ శంక: పక్కనే ఉన్న షార్జాలో అద్దెలు తక్కువ కదా? సమాధానం: తక్కువే. కారున్నవాడు ఉదయం అల్‌ఇత్తిహాద్ రోడ్డు మీద సాలిక్ అనే టోల్‌గేటుకు రద్దీవేళ 6 దిర్హములు చెల్లించి, కారులేనివాడు ఊరు దాటే బస్సు కోసం వరుసలో నిలబడి, ఇద్దరూ మిగిలిన అద్దెను నిద్రతో చెల్లిస్తారు. షార్జా చౌక అన్నది నిజం, దుబాయిలో పనిచేసేవానికి చౌక అన్నది వివాదాస్పదం.

నాల్గవ శంక: తొమ్మండుగురితో కలిసి ఉండడమెందుకు, ఒక ఫ్లాటును స్వయంగా అద్దెకు తీసుకోరాదా? ఇదే ప్రధాన శంక. ఉదాహరణకు ఏడాదికి 72,000 దిర్హముల అద్దె గల ఒక పడకగది ఫ్లాటును తీసుకుందాం. అక్కడ అద్దె నెలనెలా చేతికిచ్చేది కాదు; ఏడాది మొత్తానికి ముందే తేదీలు వేసిన చెక్కులను, ఒకటి మొదలు నాలుగో ఆరో, యజమానికి అప్పగించాలి. నాలుగు చెక్కులైతే మొదటిది 18,000. దానికి తోడు ఏడాది అద్దెలో 5 శాతం డిపాజిటు 3,600, మధ్యవర్తి కమీషను మరొక 5 శాతం 3,600, డీవా డిపాజిటు 2,000. వెరసి తాళంచెవి చేతికి రాకముందే 27,200 దిర్హములు, అనగా ఆరు లక్షల రూపాయలకు పైమాట. అద్దె ఒప్పందాన్ని ప్రభుత్వం వద్ద నమోదు చేసే ఇజారీ రుసుము దీనికి అదనం.

ఇప్పుడు లుప్తకర్త బయటపడతాడు. ఆ మొత్తాన్ని ఒక్కసారిగా తేగలిగినవాడు, చెక్కుపుస్తకం ఉన్నవాడు, ఫ్లాటులో పది మంచాలు వేసి ఒకదాని మీద తాను పడుకుంటాడు. మిగిలిన తొమ్మిదింటికి ఎనిమిది వందల చొప్పున నెలకు 7,200 వస్తాయి. అద్దె 6,000, గృహరుసుము 300, కరెంటూ నీళ్లూ వైఫై గ్యాసు కలిపి 900 అనుకుంటే ఖర్చూ 7,200. అంటే అతడు ఉచితంగా నిద్రిస్తున్నాడు. అతన్ని దోపిడీదారు అనడానికి వీల్లేదు, ఎందుకంటే చెక్కు చెల్లకపోతే కోర్టు మెట్లెక్కవలసింది అతడే. రెండు మంచాలు నెల పాటు ఖాళీగా ఉంటే నష్టమూ అతనిదే. తొమ్మండుగురు కలిసి అతనికి చెల్లిస్తున్నది ముందుగా డబ్బు పెట్టగలిగినందుకు వడ్డీ. ఏడాది అద్దె ఒక్క చెక్కులో ఇవ్వగలవానికి యజమాని బేరంలో తగ్గిస్తాడు. నాలుగు చెక్కులవానికి చెప్పిన ధర. చెక్కే లేనివానికి మంచం ధర. ఒకే గోడలు, ఒకే బాత్రూము. ధర మాత్రం ఎవరు ఎంత ముందుగా కట్టగలరన్న దానిని బట్టి మారుతుంది.

ఐదవ శంక: అద్దెదారులకు అక్కడ చట్టరక్షణ ఉంది కదా? సమాధానం: దివ్యంగా ఉంది. 2013 నాటి 43వ డిక్రీ ప్రకారం అద్దె మార్కెట్ సగటు కంటే ఎంత తక్కువగా ఉందో చూసి మాత్రమే పెంచాలి, ఎంత పెంచినా ఒక్క విడతలో 20 శాతం మించరాదు. ఒప్పందంలో మార్పు కావాలంటే 90 రోజుల ముందు తెలియజేయాలి. అయితే ఈ రక్షణ ఎవరి పేర ఒప్పందం ఉంటే వారికి. యజమాని రాతపూర్వక అనుమతి లేకుండా మళ్లీ అద్దెకు ఇవ్వడాన్ని 2007 నాటి 26వ చట్టం నిషేధిస్తుంది కనుక, అనుమతి లేని మంచం మీద పడుకున్నవాడు చట్టం దృష్టిలో అద్దెదారే కాడు. అతని అద్దె పెరిగినట్టు వాట్సాప్‌లో ఒక వాక్యం వస్తుంది. ముందుగా కట్టలేనివాడు ధరతో పాటు రక్షణను కూడా కోల్పోతున్నాడని సిద్ధాంతం.

ఆరవ శంక: కుటుంబాన్ని తెచ్చుకుంటే ఈ గొడవ ఉండదు కదా? సమాధానం: భార్యాబిడ్డలకు వీసా తీయాలంటే జీతం 4,000 దిర్హములు, లేదా 3,000తో పాటు కంపెనీ వసతి ఉండాలి. ఆ గడప దాటినవాడు ఆరోగ్య బీమా, బడి ఫీజు, ఫ్లాటు చెక్కులు అనే మూడు గడపల ముందు నిలబడతాడు. కనుక అతడు మళ్లీ మూలంలోని రెండవ పదానికే అర్హుడవుతున్నాడు.

పాఠాంతరాలు

కరామా ప్రతులలో “ఫ్యామిలీతో షేరింగ్” అనే పాఠం కనిపిస్తుంది. ఒక కుటుంబం అద్దె భారం మోయలేక తన రెండో గదిని ఇతరులకిస్తున్నదని దానికి అర్థం. “మలయాళీలకు మాత్రమే”, “తెలుగువారికి మాత్రమే”, “వెజిటేరియన్ మాత్రమే” అనేవి శాఖాభేదాలు. పోపు వాసన మీద ఏకాభిప్రాయం కుదిరితేనే పదిమంది ఒక పొయ్యి మీద బతకగలరు కనుక వీటిని సంకుచితత్వమని తోసివేయరాదు. “చిల్లర్ ఫ్రీ” అనేది కొత్త భవనాల పాఠం. చిల్లర్ అంటే భవనమంతటికీ చల్లదనం పంపే యంత్రవ్యవస్థ. దాని ఖర్చు యజమానే భరిస్తాడని భావం. ఈ పదం లేని ప్రకటనను నమ్మి దిగినవానికి ఆగస్టు బిల్లు చూశాక చెమట ఎలాగూ పడుతుంది.

రసాలంకార నిర్ణయం

“2 నిమిషాలు” అనుచోట అతిశయోక్తి. “ఎగ్జిక్యూటివ్” అనే సాభిప్రాయ విశేషణం వల్ల పరికరాలంకారం. “పార్టీషన్ కాదు” అని నిషేధించి, అదే ప్లైవుడ్డుకు కర్టెను తగిలించి “ప్రైవేట్ రూము” అని ఆరోపించే ప్రతులలో అపహ్నుతి. ఇక రసం విషయంలో వ్యాఖ్యాతలు భిన్నాభిప్రాయులు: వీడియో కాల్‌లో ఎదిగిన బిడ్డను చూసుకునే గృహస్థుని బట్టి కరుణమని కొందరు, అప్పర్ బెడ్ వాని గురకను బట్టి రౌద్రమని కొందరు వాదిస్తారు. అద్దె 750కి తగ్గించమని బేరమాడి గెలిచినవాని ఉత్సాహం స్థాయీభావంగా వీరమే ప్రధానమని ఈ వ్యాఖ్యాన పక్షం.

ఫలశ్రుతి

ఈ సూత్రాన్ని అర్థసహితంగా చదివినవాడు డిపాజిటు చేతిలో పెట్టడానికి ముందు నాలుగు ప్రశ్నలు అడుగుతాడు: ఇజారీ ఎవరి పేర ఉంది, మళ్లీ అద్దెకు ఇవ్వడానికి యజమాని అనుమతి కాగితం ఉందా, దుబాయి భూమి శాఖ వారి యాప్‌లో సహనివాసిగా తన పేరు ఎక్కిస్తారా, డిపాజిటుకు రసీదు ఇస్తారా. నాల్గింటికీ అవునన్నవాడు దొరికితే ఆ మంచం 850 అయినా చౌక. ఒక్కదానికీ జవాబు రాకపోతే 600 అయినా ప్రియమే. జవాబు చెప్పకుండా “ఇంకో ముగ్గురు చూసి వెళ్లారు, సాయంత్రంలోగా చెప్పండి” అన్నవాడే ఎక్కువగా దొరుకుతాడు. ఆ సాయంత్రానికి డబ్బు తెచ్చి ఇచ్చేవాడూ తప్పక దొరుకుతాడు కనుకనే మూలగ్రంథం నేటికీ ప్రచారంలో ఉంది.