అమ్మ గదికి నెమలికంఠం రంగు

మా అమ్మ గదికి రంగు ఎంచింది నేను. తెల్లారి లేచింది మొదలు రాత్రి పడుకునే దాకా ఆ గదిలో ఉండేది అమ్మ. ఏ రంగు వేయించమంటావని ఆమెను ఒక్కసారీ అడగలేదు. నేను చేసిన తెలివితక్కువ పని అంతా ఈ నాలుగు ముక్కల్లో ఉంది. అయినా వివరంగా రాస్తున్నాను. ఇంటికి రంగులు వేయించే ముందు కొడుకులూ కోడళ్లూ షేడ్ కార్డు చుట్టూ చేరి మాట్లాడుకుంటూ ఉంటే, ఆ గదుల్లో బతికే పెద్దవాళ్లు పక్కన మౌనంగా కూర్చోవడం చాలా ఇళ్లలో చూశాను.

మా నాన్న పలాస దగ్గరి పల్లె నుంచి కలకత్తా గార్డెన్‌రీచ్ రైల్వే ఆఫీసులో ఉద్యోగానికి వచ్చారు. ఒకప్పటి బెంగాల్ నాగపూర్ రైల్వేకి, ఇప్పటి సౌత్ ఈస్టర్న్ రైల్వేకి ప్రధాన కార్యాలయం అదే. ఆ రైలు మార్గం వాల్తేరు దాకా వెళ్లేది కనుక మన ఉత్తరాంధ్ర వాళ్లు ఎందరో ఆ పట్టాల వెంటే ఇటు చేరారు. నాన్న ఖిదిర్‌పూర్ పక్కన ఏక్‌బాల్‌పూర్‌లో ఇల్లు చూశారు. నాన్న పోయాక కూడా మేం అక్కడే ఉండిపోయాం. పాతకాలపు ఇల్లు. నేల ఎర్ర గచ్చు. కిటికీలకు ఇక్కడివాళ్లు ఖొర్‌ఖొరీ అనే చెక్కపలకల తలుపులు. సందు ఇరుకు. అమ్మ గది కిటికీ ఉత్తరానికి తెరుచుకుంటుంది. దానిలోకి ఎండ నేరుగా రాదు. ఎదురింటి గోడ మీద పడి తిరిగొచ్చిన వెలుగే ఆ గదికి వెలుగు.

ఆ రంగు మీద నా మోజు చిన్ననాటిది. సెలవులకు ఊరెళ్లినప్పుడు దసరా నాడు నాన్న మమ్మల్ని పొలంగట్ల మీదకు తీసుకెళ్లి పాలపిట్టను చూపించేవారు. తీగ మీద వాలి ఉన్నంతసేపూ అది ఓ సాదా పక్షి. రెక్క విప్పిందంటే నీలమూ ఆకుపచ్చా ఒకదాంట్లో ఒకటి కరిగిన రంగు బయటపడేది. కలకత్తాలో కూడా విజయదశమికి ఆ పక్షే ముఖ్యం. వీళ్లకి అది నీలకంఠ. శోభాబజార్ రాజబాడీ లాంటి పాత ఇళ్లలో అమ్మవారి నిమజ్జనం నాడు దాన్ని ఎగరేసేవారు. దుర్గ పుట్టింటి నుంచి తిరిగి వస్తోందని కైలాసంలో శివుడికి కబురు చేరుస్తుందని నమ్మకం. 1972లో వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చాక పక్షిని పట్టడం నేరం కావడంతో ఇప్పుడు బొమ్మతో ఆ ముచ్చట తీర్చుకుంటున్నారు. రెండు ఊళ్ల పండగల్నీ కలిపిన ఆ రంగు నా ఇంట్లో ఉండాలని ఎన్నాళ్లుగానో కోరిక. మన చీరల కొట్లలో నెమలికంఠం రంగు అనో రామా గ్రీన్ అనో అడిగితే తీసిచ్చే రంగు అది. పెయింట్ కార్డు మీద టీల్ అని ఉంటుంది.

ఊరి రంగు ఎలాగూ మన చేతిలో లేదు. 2012 నుంచి కోల్‌కతాలో వంతెనల రెయిలింగులకూ ఫుట్‌పాత్ అంచులకూ సర్కారు భవనాలకూ నీలం, తెలుపు వేస్తూ వచ్చారు. ఇంటికి ఆ రెండు రంగులు వేయించుకుంటే ఏడాది ఆస్తిపన్ను మినహాయిస్తామని 2014లో కార్పొరేషన్ ప్రకటించింది కూడా. బయట ఎలా ఉన్నా ఇంటి లోపలి రంగు మాత్రం నా ఇష్టప్రకారం ఉండాలనుకున్నాను. అందులో అమ్మ గది అమ్మదన్న సంగతి తోచలేదు.

డైమండ్ హార్బర్ రోడ్డు మీద ఓ పెయింట్ కొట్లో కార్డు తిరగేసి, ముదురు టీల్ మీద వేలు పెట్టాను. రంగులు వేసే రంగ్‌మిస్త్రీ మా వీధిలోనే ఉండే పెద్దాయన. చిన్నప్పటి నుంచీ చాచా అని పిలుస్తాను. ఆయన ఉర్దూలో నెమ్మదిగా చెప్పాడు. "కార్డు చూసి ఖాయం చేయకండి బాబూ. రెండు గోడల మీద గజం మేర పూసి చూపిస్తాను. పొద్దున ఓసారి, మధ్యాహ్నం ఓసారి, రాత్రి లైటు వేసి ఓసారి చూడండి. అమ్మగారికి కూడా చూపించండి." గోడ అడుగున చెమ్మ ఉంది, వానలు పోయాక చేద్దామని కూడా అన్నాడు. దుర్గాపూజలకు ముందే అయిపోవాలని నేను పట్టుబట్టాను. ముప్పై నలభై ఏళ్లుగా గోడలతో బతుకుతున్న మనిషి మాట కంటే అగ్గిపెట్టె అంత కాగితం ముక్క నాకు నమ్మకంగా కనిపించింది.

కార్డు మీది రంగు తెల్ల కాగితం మధ్యలో, కొట్టు దీపాల కింద ఉంటుంది. గదిలో నాలుగు గోడలు ఎదురెదురుగా నిలబడతాయి. ఒక గోడ నుంచి వచ్చిన వెలుగు ఇంకో గోడ మీద పడి మళ్లీ తిరిగొస్తుంది. లెక్క కోసం అనుకుందాం. గోడ తన మీద పడిన నూరు పాళ్లలో ఎరుపును పది, నీలి ఆకుపచ్చను ముప్పై తిప్పి పంపుతుంది. మొదటి గోడ దగ్గర తేడా మూడు రెట్లు. రెండో గోడకి తగిలి వచ్చేసరికి ఎరుపు ఒకటి, నీలి ఆకుపచ్చ తొమ్మిది. తేడా తొమ్మిది రెట్లయింది, మొత్తం వెలుగు మాత్రం అడుగంటింది. అందుకే కార్డు మీద కళకళలాడిన టీల్ నాలుగు గోడలకూ పూస్తే ముదిరి, చిక్కబడి, గదినే మింగుతుంది. వెలుగెక్కువ ఉన్న గది దాన్ని తట్టుకుంటుంది. ఉత్తరపు కిటికీ ఒక్కటే ఉన్న గది తట్టుకోదు. దానికి తోడు ముదురు రంగుల్ని కలిపే డీప్ బేస్‌లో తెల్ల పదార్థం తక్కువ. కింది రంగును కప్పడానికి కోటు మీద కోటు వేయాలి. ఆ కోట్లకయిన ఖర్చుతో ఇల్లంతా తెల్లగా వేయించి ఉండొచ్చు.

పని ముగిశాక అమ్మను గదిలోకి తీసుకెళ్లాను. గోడల్ని కాసేపు చూసి అంది. "ఏటిరా బాబూ ఇది? గోడకి బూడిద పూయించేవు."

నేను వాదించాను. కార్డు తెచ్చి కిటికీ దగ్గర పట్టి, ఇదిగో ఇది నీలం, ఇది ఆకుపచ్చ, రెండూ కలిశాయని చూపించాను. ఆమె ఓపికగా చూసి, "ఇదీ బూడిదేరా" అంది. పాత సున్నపు గది అలవాటైపోయి కొత్తది నచ్చడం లేదనుకున్నాను. ఆ మాట ఆమె మొహం మీదే అన్నాను. ఆ రోజు నుంచి అమ్మ మిట్టమధ్యాహ్నం కూడా లైటు వేసుకునేది. పసుపు బల్బు కింద ఆ గోడ పాచి రంగులోకి దిగేది. తరవాత కుర్చీ వరండాలోకి జరిపించుకుంది. గదిలోకి నిద్రకే వెళ్లేది. చెమ్మ ఉన్న చోట ఉప్పు తెల్లగా పైకి తేలింది. లేతరంగు మీదైతే అంత తెలిసేది కాదు, ముదురు గోడ మీద కొట్టొచ్చినట్టు కనిపించింది.

నాకు మాత్రం ఆ గది బాగానే ఉన్నట్టుండేది. కారణం తరవాత అర్థమైంది. నేను ఆఫీసు నుంచి వచ్చేది సందెవేళ. వెలుగు తగ్గేకొద్దీ మన కంటికి ఎరుపు ముందు నల్లబడుతుంది, నీలి ఆకుపచ్చలు ఇంకాసేపు నిలుస్తాయి. చెక్ శాస్త్రజ్ఞుడు పుర్కిన్యే 19వ శతాబ్దం తొలినాళ్లలోనే దీన్ని గమనించాడు. ఆ వేళ నా కంటికి గోడలు వెలిగేవి. అదే వేళ ఎర్ర గచ్చు, ఎర్ర గడప చీకట్లో కలిసిపోయేవి. ఓ సాయంత్రం అమ్మ ఆ గడప తన్నుకుని తూలింది. తలుపు పట్టుకుని నిలదొక్కుకుంది. నేను మురిసిపోతున్న వేళలోనే ఆమె పడబోయింది.

కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరాయన్నారు. వయసుతో కంటిలోని కటకం పసుపుపచ్చగా, ఆపైన గోధుమరంగుగా మారుతుంది. మొదట ఆపేది నీలపు వెలుగునే. నీలం ఆగిపోయిన నీలి ఆకుపచ్చలో, అదీ వెలుగు చాలని గదిలో, ఇంక మిగిలేది మురికి బూడిదే. అమ్మ తన కంటికి కనిపించిందే చెప్పింది. నేను నా కంటికి కనిపించిందే నిజమని ఆమెను మందలించాను. రంగు విషయంలో చేసిన తప్పు సున్నంతో పోతుంది. చూపు మందగిస్తోందని అమ్మ తన మాటల్లో చెబుతుంటే మొండితనం కింద జమకట్టాను. అది పోదు.

రంగంటే గోడకి అంటుకుని ఉండే వస్తువనుకున్నాను. నేను ఇంత మోజుపడ్డ పాలపిట్ట రెక్కలోనే నీలపు రంగుపదార్థం లేదు. ఈకలోని అతిసూక్ష్మమైన అల్లిక వెలుగును చెదరగొట్టి నీలాన్ని మన కంటికి పంపుతుంది. విశాఖలో బడికెళ్లి, కలకత్తా బౌబజార్‌లో పాతికేళ్ల పాటు ప్రయోగాలు చేసిన సి.వి. రామన్, 1934లో పక్షి ఈకల రంగులపై రాసిన పత్రంలో పరిశీలించింది ఈ పాలపిట్ట ఈకల్నే. పెయింటు డబ్బాలో ఉండేది వేరు. 1930ల్లో మార్కెట్లోకి వచ్చిన, రాగి చేరిన థాలోసయనిన్ లాంటి పొడులవి. ఎరుపు వెలుగును తాగేసి మిగిలింది వదలడం వాటి పని. ఎండలో ఎగిరే రెక్కను ఎండ రాని గదిలో పొడితో తెప్పిద్దామనుకున్నాను.

ముందు ఒక కంటికి ఆపరేషన్ అయింది. కట్టు విప్పాక అమ్మ గది మధ్యలో నిలబడి ఒక కన్ను మూసి చూసింది, తరవాత రెండోది మూసి చూసింది. "ఈ కంటికి పాలపిట్టేరా. ఆ కంటికి బూడిదే," అంది. ఈసారి నేను వాదించలేదు. నీ గదికి ఏ రంగు కావాలమ్మా అని మొదటిసారి అడిగాను. గోడలకి తెలుపు, తలుపులకీ కిటికీలకీ ఈ రంగు, గడపకి పసుపు అంది. మన పల్లె ఇళ్ల రంగులే. వానలు పోయి గోడ ఆరాక చాచా అలాగే వేశాడు. టీల్ ఇప్పుడు దక్షిణపు ఎండ వచ్చే ముందుగదిలో ఒకే ఒక గోడ మీద ఉంది. అక్కడ బాగుంది.

నెమలికంఠం రంగు వేయించాలనుకునేవాళ్లను నేను వారించను. గది ఏ దిక్కుకుందో చూసుకోండి, గజం మేర పూసి మూడు పూటలా చూడండి, చెమ్మ ఆరనివ్వండి. ఆ చూసేటప్పుడు గదిలో ఉండబోయే మనిషిని పక్కన నిలబెట్టుకుని, నీకు ఏం కనిపిస్తోందని అడగండి. మీకు నీలంగా ఉన్నది వాళ్లకి బూడిదగా ఉందంటే రంగు మార్చండి. వాళ్లని కంటి డాక్టరు దగ్గరికి కూడా తీసుకెళ్లండి.