రోడ్డు రోలర్ గుర్తు ఇప్పించగలరు

రాష్ట్ర ఎన్నికల కమిషనర్ గారికి,

తెలంగాణలోని ఒకానొక మున్సిపాలిటీలో, ఒకానొక వార్డు నుంచి కౌన్సిలర్‌గా నిలబడదలచిన స్వతంత్ర అభ్యర్థి నమస్కరించి రాసుకునే అర్జీ.

అయ్యా, స్వతంత్రులు నామినేషన్ వేసేటప్పుడు మూడు గుర్తులు వరుసగా కోరుకోవచ్చంటారు. నాకు మూడు అక్కర్లేదు. మొదటిదీ, రెండోదీ, మూడోదీ ఒకటే: రోడ్డు రోలర్. మీ జాబితాలో ఉంటే సంతోషం. లేకపోతే చేర్చగలరు.

ఎందుకంటే, పన్నెండేళ్లలో మా గల్లీకి రోలర్ ఒక్కసారే వచ్చింది. పొద్దున పదింటికి మూలమలుపు దగ్గర ఆగింది. ఆడవాళ్లు హారతి పళ్లేలతో బయటికొచ్చారు. ఒక పెద్దమనిషి దాని ముందు చక్రానికి బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, స్టీరింగ్ పట్టుకొని ఫోటో దిగాడు. చిప్పలు పంచేలోపే డ్రైవర్ దాన్ని వెనక్కి తిప్పాడు. పక్క వార్డులో కూడా ఫోటో ఉందట. శిలాఫలకం మాత్రం మాకే మిగిలింది. ఇప్పుడది పిల్లలకు వికెట్టు.

రోడ్డు ఏమైందని సమాచార హక్కు కింద అడిగాను. 30 రోజుల్లో జవాబివ్వాలని 2005 నాటి చట్టం చెబుతుంది. మూడోసారి అడిగాక జవాబొచ్చింది. రోడ్డు వేశారట! ఎం.బుక్కు అనే కొలతల పుస్తకంలో పొడవు, వెడల్పు, మందంతో సహా నల్లగా నిగనిగలాడుతోంది. ఆ కాగితం జిరాక్స్ తీసి గల్లీలో ఇంటింటికీ పంచాను. వానాకాలం గుమ్మం ముందు పరుచుకుంటే కాలికి బురద అంటదని మా పక్కింటాయన మెచ్చుకున్నాడు.

అసలు కిందటిసారే నిలబడేవాణ్ణి. మహిళలకు సగం సీట్లు కదా, వార్డు వాళ్లకు పోయింది. "వదినమ్మను నిలబెట్టు, నడిపేది నువ్వే" అని నలుగురు సలహా ఇచ్చారు. ఎదుటివాళ్లను 'కౌన్సిలర్ భర్త' అని వెక్కిరించిన నోటితోనే ఇంట్లో ఆ మాట కదిపాను, దాచడమెందుకు. "నిలబడత. గెలిస్తే ఫైళ్ల మీద నేనే సంతకం పెడత, మీటింగుకు నేనే పోత. నువ్వు బియ్యం కడిగి పొయ్యి మీద పెడతవా?" అంది మా ఆవిడ. ఆ ఎన్నిక అలా దాటిపోయింది. 2020 జనవరిలో గెలిచినవాళ్ల పదవీకాలం 2025 జనవరిలో తీరింది. ఐదేళ్లు నిండేలోపే కొత్త ఎన్నిక జరిగిపోవాలని రాజ్యాంగం 243-యులో రాసుంది. అది జరగక, మిగతా 2025 అంతా మాకు ప్రత్యేకాధికారే దిక్కయ్యాడు. ఆయన మంచివాడే. ఫలానా గల్లీ ఎక్కడుందో ఆయనకు చెప్పేవాడే లేకపోయాడు.

ఇక ప్రచారం సంగతి. ఓటర్లు తిడతారని సిద్ధపడి వెళ్లాను. పొగుడుతున్నారు, అదే భయంగా ఉంది. "అన్నా, నువ్వు మంచోనివి, నీకెందుకే ఇదంతా?" అంటాడు కిరాణా కొట్టాయన. ఎదురింటి టైలరమ్మ ఇంకో అడుగు ముందుకేసింది: "నువ్వు కౌన్సిలర్‌వైతే మోరి నిండితే అర్జీ ఎవరు రాయాలె? నీ మీద నువ్వే రాసుకుంటవా?" దీనికి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. పన్నెండేళ్లు రాసిన అర్జీలన్నీ కలిపి నన్ను వార్డుకు రాతగాణ్ణి చేశాయి కానీ నాయకుణ్ణి చేయలేదు. చివరింటి అవ్వ ఒక్కతే ధైర్యం చెప్పింది: "ఆళ్లిచ్చింది తీసుకుంట, నీకే వేస్త పో బిడ్డా." వేస్తుందనే నమ్ముతున్నాను. బ్యాలెట్‌లో పార్టీలవాళ్లంతా అయ్యాక, అడుగున ఉండే నా దాకా ఆమె చూపు దిగితే చాలు.

మళ్లీ గుర్తు దగ్గరికి వస్తాను. రోలర్ కారులా కనిపిస్తుందని, ఓటర్లు పొరబడుతున్నారని కారు గుర్తు పార్టీవారు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. కారుకూ, రోలర్‌కూ, చపాతీ కర్రకూ తేడా తెలియనంత అమాయకులు ఓటర్లు కారని 2023లో కోర్టు ఆ పిటిషన్ కొట్టేసింది. 2019లో భువనగిరి పార్లమెంటు సీటు కారు చేజారింది 5,219 ఓట్లతో. అక్కడ రోలర్‌కు పడ్డవి 27 వేలకు పైనే. ఎవరు పొరబడ్డారో, ఎవరు నిజంగానే రోడ్డు కోరుకున్నారో తేల్చే యంత్రం ఇంకా రాలేదు. ఆ పొరపాట్లలో ఓ యాభై నాకు పడినా కాదనను. మా వార్డులో పొరపాటున పడే ఓట్లు, నా పన్నెండేళ్ల పనికి పడే ఓట్ల కన్నా ఎక్కువే ఉండొచ్చని మా అబ్బాయి లెక్క.

ఖర్చు గురించి మీరు బెంగపడకండి. 2020లో మున్సిపాలిటీ వార్డుకు లక్ష పరిమితి పెట్టారు. అందులో టీలకు పోగా మిగిలింది ఏం చేయాలో నాకు తోచదు. గెలిస్తే ఛైర్మన్ ఎన్నిక దాకా రిసార్టులో క్యాంపు అంటారు కాబట్టి బీపీ గోళీలు, దుప్పటి మాత్రం ఒక సంచిలో సర్దిపెట్టుకున్నాను. ఆ రోజుల్లో మోరి సంగతి మా ఆవిడ చూసుకుంటానంది.

ఒకవేళ ఈ గుర్తు ఇవ్వడం కుదరదంటారా, ఇంకో మార్గముంది. గుర్తు బదులు రోలరే పంపించండి, ఒక పూట చాలు. రోలర్లు పంపడం ఎన్నికల సంఘం పని కాదని తెలుసు. అది ఎవరి పనో కనుక్కోవడానికే పన్నెండేళ్లు పట్టింది, ఇంకా తేలలేదు. అందుకే మీకు రాస్తున్నాను. అది వచ్చి, మూలమలుపు దాటి, అవ్వ ఇంటి దాకా వెళ్లిందంటే నా నామినేషన్ వెనక్కి తీసుకుంటాను. ఉపసంహరణకు ఆఖరి రోజు గడువు మధ్యాహ్నం 3 గంటలు. ఆ రోజు పొద్దున్నుంచే మూలమలుపు దగ్గర, శిలాఫలకం పక్కన కుర్చీ వేసుకొని కూర్చుంటాను. కొబ్బరికాయ నేనే తెచ్చుకుంటాను.

ఇట్లు,
స్వతంత్ర అభ్యర్థి
(గుర్తు: మీ దయ)