గాలి ఊరికే రాదు

లక్షలు పోసి ప్లాస్మా కటింగ్ మెషీన్ కొనేవాడు ఆంపియర్లెన్ని, వారంటీ ఎన్నేళ్లు, పార్టులు ఎక్కడ దొరుకుతాయి అని పదిమందిని పీడిస్తాడు. గ్యాసు మాట వచ్చేసరికి మాత్రం ‘‘దాందేముందండీ, ఏదో ఒకటి’’ అనేస్తాడు. ఆ ‘ఏదో ఒకటి’ మీదే నా అభ్యంతరం. కోసేది మెషీన్ కాదు, గ్యాసు. సన్నని నాజిల్లోంచి దూసుకొచ్చే గ్యాసు, ఆర్క్ వేడికి దగ్గరదగ్గర 20,000 డిగ్రీలకు కాగి, లోహాన్ని కరిగించి ఊదేస్తుంది. కాబట్టి ఏ గ్యాసు చవక అన్నది రెండో ప్రశ్న. అది లోహం జోలికి పోవాలా, పోకూడదా అన్నది మొదటిది. కోతలో పోయినా పర్లేదు, ఒక్కోసారి పోతేనే మేలు. అతుకులో పోతే కొంప మునుగుతుంది.

చుట్టూ ఇంత గాలి ఉండగా గ్యాసు కొనడమెందుకు అనేవాళ్లున్నారు. వాళ్ల మాట తీసిపారేయలేం. గాలిలో 78 శాతం నైట్రోజన్, 21 శాతం ఆక్సిజన్. ఆ ఆక్సిజన్ ఇనుముతో కలిసి మండి, కోతకు తన వంతు వేడి కలుపుతుంది. గేట్లు, గ్రిల్సు చేసుకునేవాడికి నేనూ గాలే చెబుతాను. వేరేది కొనమంటే వాడి మీద నాకేదో పాతకక్ష ఉన్నట్టే. కానీ ఆ గాలి ఫ్రీ అంటే మాత్రం ఒప్పుకోను. ఆకాశంలో ఉన్నంతసేపే అది ఫ్రీ, కంప్రెసర్లో దూరాక కరెంటు బిల్లు. పైగా వానాకాలంలో విశాఖపట్నంలోనో కాకినాడలోనో కంప్రెసర్ పీల్చేది గాలినా, సముద్రాన్నా అని అనుమానం వస్తుంది. ఆ తేమ, దానికి తోడు కంప్రెసర్ నూనె టార్చిలోకి చేరాయంటే ఎలక్ట్రోడ్ కొసన ఉన్న హాఫ్నియం తొందరగా అరిగిపోతుంది, నాజిల్ రంధ్రం వంకరపోతుంది, నిటారుగా రావాల్సిన కోత ఏటవాలుగా వస్తుంది. ఫిల్టరుకూ డ్రయ్యరుకూ చెయ్యి రానివాడు అంతకు అంతా నాజిళ్ల షాపులో సమర్పించుకుంటాడు. ఇంకో చిక్కేమిటంటే, గాలితో కోసిన అంచులోకి నైట్రోజన్ ఇంకుతుంది. దాన్ని గ్రైండ్ చేయకుండా అతికితే వెల్డులో బుడగలు. తిట్లన్నీ వెల్డరుకి, తప్పేమో పొద్దున్నే కోసి టీకి వెళ్లిపోయినవాడిది. కోసిన ప్రతి మైల్డ్ స్టీల్ ముక్కనూ మళ్లీ అతకాల్సిన షాపులో, టార్చి ఒప్పుకుంటే, ఆక్సిజన్ ప్లాస్మాయే గిట్టుబాటని నా లెక్క. మందపాటి స్టెయిన్‌లెస్ స్టీల్‌కీ అల్యూమినియానికీ 35 శాతం హైడ్రోజన్ కలిపిన ఆర్గాన్ వాడతారు. దానికి టంగ్‌స్టన్ ఎలక్ట్రోడ్ ఉండాలి. అదే ఎలక్ట్రోడ్‌కి ఆక్సిజన్ తగిలిస్తే కోత సంగతి దేవుడెరుగు, ముందు ఎలక్ట్రోడే కాలిపోతుంది.

వెల్డింగుకొచ్చేసరికి ఈ గాలే దొంగ. కరిగిన లోహంలోకి దూరిందంటే అతుకు పాడు. దాన్ని ఆపడానికే ఆర్గాన్. పెళ్లిపందిట్లో గుమ్మం దగ్గర కండువా వేసుకుని కూర్చున్న పెద్దాయన వంట చేయడు, వడ్డించడు, కానీ ఆయనక్కడ ఉన్నంతసేపు పిలవనివాళ్లు లోపలికి రారు. ఆర్గాన్ ఉద్యోగం కూడా అంతే, ఏమీ చేయకపోవడానికే జీతం. తమాషా ఏమిటంటే అదీ గాలిలోదే. ఒక శాతం కూడా ఉండదు. ఆ కాస్తనీ గాలిలోంచి వేరుచేసి, సిలిండర్లో నింపి, తిరిగి గాలికే కాపలా పెడతాం, రేటు కట్టి మరీ.

‘‘మా నాన్న కాలం నుంచీ సీఓటూతోనే కొట్టాం, ఏ గేటూ ఊడిపడలేదు’’ అంటారు. నిజమే, ఊడదు. సీఓటూ ఆర్క్ వేడికి విడిపోయి ఆక్సిజన్ వదిలినా, వైరులోని సిలికాన్, మాంగనీసు దాన్ని పట్టేస్తాయి. అతుకు లోతుగా కూడా దిగుతుంది. అయితే ఆ బేరం ఇనుముతోనే. అల్యూమినియం మీద ఇదే ధీమాతో కొడితే మసి మిగులుతుంది. ఇనుము మీదైనా స్పాటర్ తప్పదు. 80 పాళ్ల ఆర్గాన్‌కి 20 పాళ్ల సీఓటూ కలిపిన సిలిండరు ఖరీదని మొహం చిట్లించేవాళ్లు, ఆ రవ్వల్ని పొద్దంతా గీకే కుర్రాడి కూలినీ గ్రైండరు డిస్కులనీ గ్యాసు ఖాతాలో ఎప్పుడైనా రాశారా? పదిమంది కళ్లూ పడే అతుక్కి మిశ్రమం, ట్రస్సులో పైకెక్కి కూర్చునే అతుక్కి సీఓటూ. ఇదీ నా తీర్పు, అప్పీలుకి అభ్యంతరం లేదు.

సరైన గ్యాసు కొన్నవాళ్లకీ ఒక ఆశ ఉంటుంది, ఎక్కువ వదిలితే ఎక్కువ మంచిదని. మామూలు పనులకి నిమిషానికి 10 నుంచి 15 లీటర్లు చాలు. 40కి తిప్పితే గ్యాసు సుడి తిరిగి, తాను ఆపాల్సిన గాలిని తానే చేయి పట్టుకుని లోపలికి తీసుకొస్తుంది. ఇంత చేసి, పక్కన ఫ్యాను ఫుల్లుగా తిప్పుకుంటే ఆర్గాన్ డబ్బులు కిటికీలోంచి పోయినట్టే. అలాగని మే నెలలో, రేకుల షెడ్డులో, జాకెట్టూ గ్లౌజులూ తొడుక్కున్న వెల్డరుని ఫ్యాను ఆపమనే ధైర్యం నాకు లేదు. తిరగనివ్వండి, ఆర్క్‌కీ దానికీ మధ్య ఒక రేకు నిలబెట్టండి. వెల్డింగ్ షాపులో రేకుకి కరువా?