దుబాయి సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: హైదరాబాదు నుండి దుబాయికి దూరం సుమారు 2,550 కి.మీ. విమానయాన కాలం సుమారు 4 గంటలు.

ప్రతిపదార్థం: హైదరాబాదు నుండి = శంషాబాదు నుండి (గంగలో గొల్లపల్లె అన్నట్టు ఇక్కడ లక్షణ); దుబాయికి = దుబాయికే, షార్జాకు కాదని ధ్వని; దూరం = గ్లోబు మీద రెండూళ్ల మధ్య దారం బిగించి పడితే వచ్చే కొలత; 4 గంటలు = ఇక్కడ విమానం గేటు వదిలింది మొదలు అక్కడ గేటు దగ్గర ఆగేదాకా పట్టే కాలం; అగును. ‘సుమారు’ రెండుసార్లు రావడం పునరుక్తి దోషం కాదు. మొదటిది దారి మళ్లింపులకు, రెండోది గాలికి.

తాత్పర్యం: స్పష్టమే.

విశేషం: పైకి చేరాక విమానం గంటకు సుమారు 850 కి.మీ. పోతుంది గదా, భాగిస్తే 3 వస్తుంది, నాలుగో గంట ఎక్కడిదని పూర్వపక్షం. రన్‌వే కోసం వరుసలో నిలబడటంలో, ఎక్కడంలో, దిగడంలో కొంత పోతుంది. మిగిలింది ఎదురుగాలి తింటుంది. ముఖ్యంగా చలికాలంలో అంత ఎత్తున గాలులు పడమటి నుంచి తూర్పుకు వీస్తాయి. పోయేటప్పుడు ఎదురైన గాలే వచ్చేటప్పుడు వెనకనుంచి తోస్తుంది కనుక తిరుగు ప్రయాణం సుమారు మూడున్నర గంటలే.

అలంకారం విరోధాభాసం. దుబాయి గడియారం మనకన్నా గంటన్నర వెనక. పొద్దున 10కి ఇక్కడ బయల్దేరినవాడు నాలుగు గంటలు కూర్చుని, అక్కడి పన్నెండున్నరకే దిగుతాడు. అక్కడ 10కి ఎక్కినవాడు మూడున్నర గంటలే ఎగిరి, ఇక్కడ మధ్యాహ్నం 3కి దిగుతాడు. ఎక్కువ పట్టేది రెండున్నర గంటల్లాగా, తక్కువ పట్టేది అయిదు గంటల్లాగా కనబడుతుంది. ప్రబంధ కవులు తంటాలు పడి సాధించిన చమత్కారాన్ని టికెట్టు కొట్టే కంప్యూటరు రోజూ అలవోకగా సాధిస్తోంది.

మూలకర్త జగిత్యాలను తలవలేదు. అది లోపమే. అక్కణ్ణుంచి శంషాబాదు చేరడానికే దాదాపు ఇంకో విమానయానమంత పడుతుంది. పైగా మూడు గంటల ముందే రమ్మంటారు. కాటా దగ్గర బరువు ఎక్కువైందంటే, తాడుతో బిగించిన అట్టపెట్టె విప్పి, మామిడికాయ తొక్కు డబ్బా తీసి చిన్నాన్న చేతిలో పెట్టి, మళ్లీ ముడివేసే కాలాన్ని ఏ సూత్రకారుడూ లెక్కలోకి తీసుకోలేదు. పెట్టె మీద నల్ల మార్కరుతో పేరు, ఊరు, మండలం రాసి ఉంటాయి. ఆ మూడు పంక్తులకు వేరే టీక అక్కర్లేదు.

ఫలశ్రుతి: టికెట్టు మీది వేళలు ఏ ఊరివి ఆ ఊరివే. ఎయిర్‌పోర్టుకు రమ్మని దుబాయిలోని బామ్మర్దికి ఫోన్ చేసేటప్పుడు పన్నెండున్నర అనే చెప్పండి. మన లెక్కన రెండు అని చెబితే గంటన్నర సేపు పెట్టె పక్కన నిలబడాల్సింది మీరే.