భుక్తాయాసం విషయమై మహా విశాఖ నగరపాలక సంస్థ కమిషనర్ వారికి బహిరంగ లేఖ

విషయం: పూర్ణా మార్కెట్‌లో మధ్యాహ్నం రెండు గంటలకూ నాలుగు గంటలకూ నడుమ కమ్ముకొచ్చే కునుకును నగర సమస్యగా గుర్తించి, తగిన ఏర్పాట్లు చేయించవలసిందిగా విన్నపం.

గౌరవనీయులైన కమిషనర్ వారి సముఖమునకు,

నీటి ఎద్దడి, మురుగుకాలువలు, వీధికుక్కల సరసన ఇంతవరకు ఏ అర్జీలోనూ చోటు దక్కించుకోని ఒక సంగతిని తమ దృష్టికి తేవడమైనది. భోజనం ముగిసిన కొంతసేపటికి ఒంటిని ఆవరించి, రెప్పలను బరువెక్కించి, చేతిలోని పనిపై విముఖత పుట్టించే బడలికను తెలుగువారు భుక్తాయాసం అంటారు. వైద్యశాస్త్రం దీనిని సాధారణంగా రోగంగా కాక దేహధర్మంగానే లెక్కిస్తుంది. అయినప్పటికీ, బస్తాల నీడన తలగుడ్డ పరచుకొని ఒరిగిన కళాసీని చూసిన ప్రతివారూ, కుండెడన్నం తిన్నవాడికి నిద్ర రాక ఏమవుతుందని తీర్పు చెప్పి సాగిపోతున్నారు. ఈ నేరంలో అన్నం పాలెంత, ఇతరుల పాలెంత అన్నది విచారణ లేకుండా తేల్చడం న్యాయం కాదు.

తిన్నది అరిగించడానికి రక్తమంతా పొట్టకు దిగిపోయి మెదడుకు కొరత పడుతుందనేది ప్రచారంలో ఉన్న వివరణ. భోజనానంతరం పేగులకు రక్తప్రసారం బాగా పెరిగే మాట నిజమే గాని, అందుకు తగినట్లు గుండె కూడా ఎక్కువ శ్రమిస్తుంది, మెదడు తనకు రావలసిన వాటాను తన రక్తనాళాల బిగువును సవరించుకొని కాపాడుకుంటుంది. కాబట్టి ఈ వాదన నిలవదు. వృద్ధులలో కొందరికి తిన్న రెండు గంటలలోపు పై రక్తపోటు 20 పాయింట్లు, అంతకు మించి పడిపోయి కళ్లు తిరగడం వేరే సంగతి. అది వైద్యులు చూడవలసినది, కింగ్ జార్జి ఆసుపత్రి మార్కెట్‌కు ఎంతో దూరంలో లేదు.

అన్నంపై ఉన్న అభియోగం ఇంతకంటె బలమైనది. పాలిష్ పట్టిన బియ్యంలోని పిండిపదార్థం త్వరగా చక్కెరగా మారి రక్తంలో చేరుతుంది, ఆ వెంటనే క్లోమం ఇన్సులిన్‌ను విడుదల చేస్తుంది, ఇన్సులిన్ చక్కెరతో పాటు లూసిన్ వంటి అమైనో ఆమ్లాలను, అంటే మాంసకృత్తుల తునకలను, కండరాలలోకి పంపుతుంది. ట్రిప్టోఫాన్ అనే తునక మాత్రం రక్తంలోని ఆల్బుమిన్‌ను పట్టుకొని మిగిలిపోయి, పోటీ తగ్గిన సందు చూసుకొని మెదడులో ప్రవేశించి, నిద్రతో సంబంధమున్న సెరొటోనిన్‌గా మారుతుంది. సిడ్నీ పరిశోధకులు 2007లో ప్రచురించిన అధ్యయనంలో పన్నెండు మంది పురుషులు పడకకు నాలుగు గంటల ముందు త్వరగా అరిగే రకం అన్నం తిన్నప్పుడు సగటున 9 నిమిషాలలోను, నెమ్మదిగా అరిగే రకం తిన్నప్పుడు 17.5 నిమిషాలలోను నిద్రపోయారు. మెలకువను నిలిపి ఉంచే ఒరెక్సిన్ అనే రసాయనాన్ని తయారుచేసే నాడీకణాలు చక్కెర కాస్త పెరిగినా మందగిస్తాయని 2006లో ఎలుకల మెదళ్లలో గమనించారు.

అయితే ఉత్త అన్నం ఎవరు తింటారు? పప్పో చేపల పులుసో కలిసేసరికి, అందులోని మాంసకృత్తులు కొద్దిపాటివైనా ట్రిప్టోఫాన్‌కు మళ్లీ పోటీదారులను తెచ్చిపెడతాయి, అమైనో ఆమ్లాలు ఒరెక్సిన్ కణాలను ఉత్తేజపరుస్తాయి. పైపెచ్చు మాగిన అరటిగెలలపై ముసిరే చిన్న పండు ఈగలను ఫ్లోరిడాలో పరిశీలించినవారు, వాటిని నిద్రపుచ్చినది చక్కెర కాదని, మాంసకృత్తులూ ఉప్పూనని 2016లో తేల్చారు. ఈగల సాక్ష్యం మనుషుల వ్యాజ్యంలో ఎంతవరకు చెల్లుతుందో గాని, అన్నానికి సంశయలబ్ధి ఇవ్వడానికి అది చాలు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాలలో ధాన్యాల నుంచి వచ్చే శక్తి 45 శాతం మించరాదని చెప్పింది. ఆ సలహా శాస్త్రీయమైనదే. కాని ఫుల్ మీల్స్ హోటల్లో మారు అన్నానికి అదనపు సొమ్ము అడగరు, రెండో చేపముక్కకు అడుగుతారు. బస్తాలు మోసేవాడు చవకగా దొరికే శక్తినే కొనుక్కుంటాడు గనుక, అతనికి ఉపదేశం చేసేముందు ధరల పట్టికకు చేయవలసి ఉంటుంది. అన్నానికి బదులు చోడి (రాగి) అంబలితో పొద్దు గడిపిన తరం వారు ఉత్తరాంధ్రలో ఇంకా ఉన్నారు. వారికి మధ్యాహ్నం కునుకు పట్టలేదని ఎవరూ చెప్పలేదు.

అసలు ముద్దాయి గడియారం. మధ్యాహ్న భోజనం మానేసినవారిలోనూ, వేళ తెలియకుండా ఒంటరిగా ఉంచినవారిలోనూ ఈ మధ్యాహ్నపు మందగింపు కనిపించింది. మేలుకొని ఉన్నకొద్దీ పెరిగే నిద్రభారం, పగటిపూట దాన్ని ఎదుర్కొనే దేహగడియారం అనే రెండింటి కలయికగా నిద్రను పరిశోధకుడు అలెగ్జాండర్ బోర్బెలీ 1982లో వివరించాడు. ఆ గడియారపు కార్యాలయం మెదడు అడుగున హైపోథాలమస్‌లో కొన్ని వేల నాడీకణాల గుత్తిలో ఉంది. దానిపై తమకుగాని రాష్ట్ర ప్రభుత్వానికిగాని అజమాయిషీ లేదు. తెల్లవారకముందే లారీల సరుకు దించడానికి లేచిన కళాసీకి, రెండు గంటల వేళకు పదకొండు పన్నెండు గంటల మెలకువ భారం పేరుకొని ఉంటుంది. మెదడులో కూడిన అడెనోసిన్ ఈ భారానికి ఒక గుర్తు. టీలోని కెఫీన్ దాని చోటును తాను ఆక్రమించి గుర్తును కప్పిపుచ్చుతుందే తప్ప భారాన్ని దించదు.

పగటినిద్రను సాధారణంగా నిషేధించిన చరకసంహిత సైతం బరువులు మోసి అలసినవారిని, రాత్రి మేలుకొన్నవారిని ఆ నిషేధం నుంచి మినహాయించింది. స్వతంత్ర భారతంలో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ఐదు గంటల పనికి మించకుండా అరగంట విరామాన్ని, 150 మందికి మించిన చోట విశ్రాంతి గదులను నిర్దేశించింది. ఇదే నగరంలోని ఉక్కు కర్మాగారం ఫ్యాక్టరీ, పూర్ణా మార్కెట్ కాదు. మోసే బరువుకు ఆ తేడా తెలియదు.

కావున మార్కెట్ ఆవరణలో నీడ, గాలి, తాగునీరు ఉన్న ఒక చోటును కళాసీలకు కేటాయించవలసిందిగానూ, గాఢనిద్రలోకి జారి లేచినవాడికి మరింత మత్తు ఉంటుంది గనుక ఇరవై నిమిషాలకు లేపే మనిషిని నియమించవలసిందిగానూ, నిద్రమత్తు ప్రమాదాలు తెల్లవారుజాము తరువాత మళ్లీ ఈ వేళలోనే పెరుగుతాయి గనుక సరుకు లారీలను ఆ ఇరుకు వీధులలోకి రెండు నుంచి నాలుగు వరకు అనుమతించరాదనీ ప్రార్థన. గ్రీష్మంలో పగటినిద్ర అందరికీ తగునని చరకుడే చెప్పినందున, ఆ రోజుల్లో వర్తకులు, తమ కార్యాలయ సిబ్బంది కూడా ఈ చోటును వాడుకోవడానికి అర్జీదారులకు అభ్యంతరం లేదు. స్థూలకాయులకు, నిత్యం నేతివంటలు తినేవారికి ఆ ఋతువులోనూ ఆయన అనుమతి ఇవ్వలేదు గనుక, వారు మాత్రం గల్లాపెట్టె దగ్గరే మెలకువగా ఉండాలి.

ఇట్లు,
పూర్ణా మార్కెట్ కళాసీల పక్షాన